పాల లెక్కల పుస్తకం

"నెలకి ఎంత వచ్చేదో రుజువేంటమ్మా?" ఇన్సూరెన్స్ లాయరు అడిగాడు. బోనులో నిలబడ్డ అక్క, సంచిలోంచి బావ టీకొట్టు పాల లెక్కల పుస్తకం తీసింది. అట్ట మీద ఇంకా టీ మరక.

లారీ గుద్ది పోయేనాటికి బావకి 38. నష్టపరిహారం లెక్కలో ఆ వయసుకి గుణకం 15 అట. ఏడాది సంపాదనకి, ముందుముందు పెరిగేదని 40 శాతం కలిపి, సొంత ఖర్చుల కింద మూడో వంతు కొట్టేసి, మిగిలింది 15తో హెచ్చవేస్తారు. మా లాయరుగారు కాగితం మీద చకచకా వేసి చూపించారు.

మూడో వంతు సొంత ఖర్చా! పండక్కి ఒక చొక్కా కొనుక్కుంటే గొప్ప, మా బావ.

తిరిగొస్తుంటే బస్సులో అక్క ఒక్కటే అడిగింది. "ఆ పుస్తకం మళ్ళీ ఇస్తార్రా?"

నంబరేసి ఫైల్లో పెట్టేశారు. వాయిదా వచ్చే నెలకి.