చిత్రకూటంలో అడిగిన ప్రశ్నలకు నందిగ్రామంలో జవాబు

భద్రాచలంలో నవమి నాడు కల్యాణం, మరునాడు దశమికి మహాపట్టాభిషేకం జరుగుతాయి. మన వీధి పందిళ్లలో మాత్రం తలంబ్రాలు పడి, పానకం, వడపప్పు పంచడం పూర్తయితే ఉత్సవం ముగిసినట్టే. సీతారాముల పెళ్లి మీద ఉన్న మక్కువ రాముడి రాజ్యపాలన మీద మనకు లేకపోయింది. పందిరి పనులన్నీ నెత్తిన వేసుకునే కుర్రాళ్లకు నాయకత్వమంటే ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దదిగా ఉండాలన్న తగవుగానే మిగిలిపోతోంది. వాళ్లను నిందించి ప్రయోజనం లేదు. చిత్రకూటంలో రాముడు భరతుణ్ణి రాజ్యపాలన గురించి ప్రశ్నలడిగే అయోధ్యాకాండ నూరో సర్గను వాళ్లకు చదివి వినిపించిన పెద్దలు మనలో ఎందరు?

జటలు కట్టి, నారచీరలు ధరించి వచ్చి, చేతులు జోడించి నేల మీద పడిన భరతుణ్ణి రాముడు లేవనెత్తి, శిరస్సు మూర్కొని, కౌగిలించుకున్నాడు. 'అంకే భరతమారోప్య' అంటాడు వాల్మీకి. ఒడిలో కూర్చోబెట్టుకున్న తరువాతే ప్రశ్నలు మొదలయ్యాయి. నేను పారాయణలో ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. ముఖ్య విషయాలను ఒక్కడివే కూర్చుని తేల్చేయడం లేదు కదా, అలాగని మరీ ఎక్కువమందితో చర్చించడం లేదు కదా? వేలమంది మూర్ఖులను వదులుకుని అయినా ఒక్క పండితుణ్ణి కోరుకుంటున్నావా? రుచికరమైన భోజనాన్ని ఆశించే మిత్రులకు పెట్టకుండా నువ్వొక్కడివే తినడం లేదు కదా? అన్యాయంగా నింద మోసినవారి కన్నీళ్లు, తన సుఖం కోసం పాలించేవాడి బిడ్డలనూ పశువులనూ నాశనం చేస్తాయని నడుమ ఒక హెచ్చరిక కూడా చేశాడు.

వీటన్నిటిలో నన్ను వెంటాడేది జీతాల ప్రశ్న. సైన్యానికి ఇవ్వవలసిన భత్యాన్నీ వేతనాన్నీ తగినట్టుగా, సమయానికి, ఆలస్యం లేకుండా ఇస్తున్నావా అని రాముడు అడిగి, ఆలస్యమైతే భృత్యులు యజమాని మీదే ఆగ్రహిస్తారని, అది చాలా పెద్ద అనర్థమని కూడా చెప్పాడు. మా వీధిలో ఒక ఏడాది ప్రసాదాలు పంచడం కూడా అయిపోయాక, డోలు వాయించిన పెద్దాయన వాద్యానికి గుడ్డ చుట్టుకుని పందిరి రాట పక్కన చాలాసేపు నిలబడ్డాడు. "రేపు రండి, చూద్దాం" అన్నారు కమిటీ కుర్రాళ్లు, టపాసుల పెట్టెలు విప్పుతూనే. రామనామం మైకులో మోగుతూనే ఉంది.

ఇంతకీ ఆ ప్రశ్నలకు భరతుడు ఆనాడు ఒక్కొక్కటిగా జవాబు చెప్పలేదు. ధర్మం తప్పినవాడికి రాజధర్మంతో పనేమిటి, అన్న ఉండగా తమ్ముడు రాజు కావడం మన వంశంలో లేదు అన్నాడు. పాదుకలను నెత్తిన పెట్టుకుని వెళ్లి, నందిగ్రామంలో ఉండి, ఏ కార్యం వచ్చినా, ఎవరు కానుక తెచ్చినా ముందు పాదుకలకు నివేదించి, ఆ తరువాతే చేయవలసింది చేశాడు. 14 ఏళ్లకు రాముడు తిరిగి వచ్చినప్పుడు భరతుడన్న మాట యుద్ధకాండ చివర ఉంది. కోశాన్ని, ధాన్యాగారాన్ని, నగరాన్ని, సైన్యాన్ని చూసుకో, నీ తేజస్సు వల్ల అన్నిటినీ పదింతలు చేశాను అన్నాడు. చిత్రకూటపు ప్రశ్నలకు జవాబు అదే అని నా నమ్మకం. పట్టాభిషేకానికి ముందు జరిగింది లెక్క అప్పజెప్పడం. తనది కాని దాన్ని పెంచి, మచ్చ లేకుండా తిరిగి ఇవ్వగలిగినవాడు కనుకనే వానరులూ విభీషణుడూ భరతుణ్ణి చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు.

కాబట్టి పెద్దలారా, ఈ నవమికి ముందు రోజు సాయంత్రం మీ వీధి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. కసరకండి, ఉపన్యాసం ఇవ్వకండి. నూరో సర్గను తాత్పర్యంతో వాళ్ల చేతనే చదివించి, ఒక్కో ప్రశ్న దగ్గర ఆపి, మన పందిట్లో దీని సంగతేమిటని అడగండి. చందా పుస్తకంలో మొదటి ఖర్చుగా మేళం వాళ్ల కూలి, వంటవాళ్ల కూలి రాయించండి. పూలమాలలు, టపాసుల సంగతి ఆ తరువాత చూడవచ్చు. వడ్డించిన పిల్లలు అందరి తరువాత తినాలి, వాళ్లతోపాటు మీరూ ఆగాలి. దశమి నాడు పట్టాభిషేక ఘట్టం చదివే ముందు ఎంత వచ్చిందో, ఎవరికెంత ఇచ్చారో, ఎంత మిగిలిందో రాముడి పటం ఎదుట నిలబడి వాళ్లనే చదవమనండి, హారతి ఆ తరువాత ఇవ్వవచ్చు.