యాభై దినార్ల నోటు

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో మూడు రోజులున్నాను గానీ వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కోట చూశాను, క్నేజ్ మిహైలోవా వీధిలో అందరిలాగే అటూ ఇటూ తిరిగాను. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు ఒక ట్యాక్సీ అతను మీటరు వెయ్యకుండా 40 యూరోలు గుంజాడు. స్టేషన్ల బయట ఆటోవాళ్లతో బేరమాడుతూ పెరిగినవాణ్ణి, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. ఆ మంట మూడు రోజులూ చల్లారలేదు.

అసలు వెళ్లింది సంగీతం కోసం. జర్మనీలో నేనుండే స్టుట్‌గార్ట్‌లో మార్కో నికోదియెవిచ్ అని ఒక సెర్బియన్ కంపోజర్ ఉన్నాడు. 1980లో సుబోతిత్సాలో పుట్టి, ఇక్కడి సంగీత కళాశాలలో చదవడానికి వచ్చి ఉండిపోయాడు. నేనూ చదువుకని వచ్చి ఉండిపోయినవాణ్ణే. ఆయన రాసినది ఒకటి విన్నాక, ఇలాంటివాళ్లు పుట్టే చోటు ఎలా ఉంటుందో చూద్దామని 2024 వసంతంలో టికెట్ కొన్నాను. తీరా చూస్తే నేనున్న రోజుల్లో కచేరీలన్నీ పాతకాలపు బ్రామ్స్, చైకోవ్‌స్కీలే. వాళ్లు స్టుట్‌గార్ట్‌లో దొరకరా!

ఆ చిరాకుతోనే నాలుగో రోజు నోవీ సాద్ రైలెక్కాను. 36 నిమిషాల ప్రయాణం. పక్క సీట్లో డెబ్బై దాటిన ఒకావిడ, ఒళ్లో ఫాయిల్ పొట్లం. రైలు కదలగానే విప్పింది. లోపల గసగసాల ముద్ద పెట్టి చుట్టిన తియ్యటి రొట్టె. నేను చూడనట్టు కిటికీలోకి చూస్తున్నా ఒక ముక్క నా చేతిలో పెట్టేసింది. మా అమ్మమ్మ కూడా ఇంతే, రైల్లో ఎదుటివాళ్లకి పెట్టకుండా పులిహోర డబ్బా మూత తీసేది కాదు.

మాట జర్మన్‌లో కలిసింది. ఆవిడ పిల్లలకి వయొలిన్ నేర్పి రిటైరయిందట. నేనొచ్చిన పని చెప్తే నవ్వింది. "వాళ్ల కోసం ఇంత దూరం ఎందుకండీ? సగం మంది మీ దగ్గరే ఉన్నారుగా!"

ఇక వేళ్లు మడవడం మొదలుపెట్టింది. మీ నికోదియెవిచ్, 2013లో సీమెన్స్ ఫౌండేషన్ బహుమతి. బెల్‌గ్రేడ్ పిల్ల మిలీత్సా జోర్జెవిచ్, ఆమెకీ అదే, 2016లో, ఆమె కూడా జర్మనీలోనే. జూరో జివ్కోవిచ్ స్టాక్‌హోమ్. ఆనా సొకొలోవిచ్ మాంట్రియల్. ఇదిగో మా నోవీ సాద్ అమ్మాయి అలెక్సాండ్రా వ్రేబలోవ్, 1995లో అమెరికా వెళ్లింది. ఆమెకి ఈ ఏడాది గ్రావెమేయర్ అనే సంగీత బహుమతి వచ్చింది, లక్ష డాలర్లు. పదేళ్ల కిందట జివ్కోవిచ్‌కీ వచ్చింది. ఒక చేతి వేళ్లు అయిపోయాయి. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఎవడు డాలస్, ఎవడు సిడ్నీ అని లెక్కపెట్టినట్టే ఉంది నాకు.

"మరి ఉన్నవాళ్లు?" అన్నాను.

ఆవిడ రెండో చెయ్యి ఎత్తి, ఒకే వేలు చూపించింది. ఇసిడోరా జెబెల్యాన్. ఎక్కడికీ పోలేదు, బెల్‌గ్రేడ్‌లోనే కంపోజిషన్ ప్రొఫెసర్. గోరాన్ బ్రెగోవిచ్ సినిమా సంగీతానికి ఆర్కెస్ట్రేషన్ చేసింది కూడా. "మనిషి ఇక్కడే ఉంది. కానీ పాటలతో నడిచే తన నాటకం, 'జోరా డి.' అనే ఒపేరా, మొదట పాడింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, 2003లో. తర్వాతి ఒపేరా ఆస్ట్రియాలో." కాసేపాగి, "53 ఏళ్లకే పోయింది, 2020లో" అంది. ఒళ్లో రాలిన గసగసాలు ఒక్కొక్కటే వేలితో అద్ది ఫాయిల్‌లో వేస్తోంది.

రైలు సొరంగంలో దూరింది. చెవులు గుయ్యిమన్నాయి, మాట ఆగిపోయింది.

బయటపడ్డాక సొకొలోవిచ్ రాసిన 'స్వాద్బా' అనే ఒపేరా గురించి చెప్పింది. స్వాద్బా అంటే పెళ్లి. పెళ్లికి ముందు రాత్రి పెళ్లికూతురూ స్నేహితురాళ్లూ, అంతే కథ. ఆరుగురు ఆడవాళ్లు, వాద్యాలుండవు. పాడేది సెర్బియన్‌లోనే, మొదట పాడింది మాత్రం 2011లో టొరంటోలో. మా ఇళ్లలోనూ పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ఆడవాళ్లు పాడతారని చెప్పాను. ఒకటి పాడమంది! విజయవాడలో రెండేళ్లు వయొలిన్ నేర్చుకుని ఇంటర్ రాగానే అటకెక్కించినవాణ్ణి. మంగళహారతి పల్లవి ఒకటి గొణిగాను. అవతల సీటు కుర్రాడు ఇయర్‌ఫోన్ తీసి మరీ చూశాడు. ఆవిడ మాత్రం రెండోసారి పాడమని, గొంతు కలిపింది. మాటలు రాకపోయినా శ్రుతి తప్పలేదు. నాది తప్పింది.

దిగేముందు పర్సులోంచి ఊదారంగు నోటు తీసి చూపించింది, 50 దినార్లది. దాని మీదున్నాయన స్టెవాన్ మొక్రాన్యాత్స్, ఊరూరి పాటల్ని బృందగానాలుగా కట్టినవాడు, 1914లో పోయాడు. "మేం కంపోజర్లని జేబులో పెట్టుకుంటాం, బతికున్నవాళ్లని తప్ప" అని నోటు మడిచి మళ్లీ పర్సులో పెట్టుకుంది. మన నోటు మీద త్యాగయ్య ఉంటే ఎలా ఉంటుందో అనుకుంటూ ఆవిడ సంచి దించిపెట్టాను.

నోవీ సాద్‌లో ఏం చూశానని అడిగితే, మిలేవా మారిచ్ ఇల్లు బయటి నుంచి చూశాను. ఐన్‌స్టైన్ మొదటి భార్య. ఈమె మీద వ్రేబలోవ్ రాసిన ఒపేరాని 2011లో ఈ ఊరి సెర్బియన్ నేషనల్ థియేటర్‌లోనే ఆడారు. ఒక్కటైనా సొంతూళ్లో మొదలైంది.

తర్వాత ఆకలేసి ఒక బేకరీలో బూరెక్, తాగే పెరుగు తీసుకున్నాను. 250 అయింది. నూనె కారే రొట్టెకి ఎక్కువే. మూడు వందలిచ్చాను. చిల్లర చేతిలో పడింది, ఊదారంగు కాయితం ఒకటి. మూడు రోజులుగా ఇలాంటివి ఎన్ని ఇచ్చేశానో! కౌంటర్ దగ్గరే నిలబడి అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, దొంగనోటేమోనని చూస్తున్నాననుకుందో ఏమో, ఆ అమ్మాయి లాక్కుని నాణేలిచ్చింది.