చిక్కుడుకాయ రథం, ఏడు జిల్లేడాకులు

రథసప్తమి పూజకు కొనాల్సినవి తక్కువే. చిక్కుడుకాయలు పాదు మీదుంటాయి, రేగుపళ్లు పొలం గట్టున దొరుకుతాయి. జిల్లేడుకైతే ఎవరూ నీళ్లు పోయరు, రోడ్డు పక్కన తనంతట తనే పెరుగుతుంది. సంక్రాంతికి ఇంటికొచ్చిన కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంకా ఉంటాయి. మాఘ శుద్ధ సప్తమి నాటికి మా శ్రీకాకుళం పల్లెల్లో చేతికందేదే సూర్యుడికి పూజాద్రవ్యం. నా వరకు ఇదొక ఋతువర్ణన పద్యం. కాకపోతే దీన్ని చదవం, చేస్తాం.

జిల్లేడాకు తుంచగానే తొడిమ దగ్గర తెల్లటి పాలు ఉబుకుతాయి. "కళ్లలో పడనీకు" అని పెద్దవాళ్లు అరుస్తూనే ఉంటారు. ఆకు మీద రేగుపండు పెట్టి, తల మీదా భుజాల మీదా ఉంచుకుని చన్నీళ్లు పోసుకుంటే ముందు పండే జారిపోతుంది. పిల్లలకు నవ్వాగదు. ఈ ఆకులో ఔషధ గుణాలున్నాయని ఏటా ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతాయి. ఉంటే ఉండనీ, నన్ను పట్టుకున్నది మాత్రం స్నాన శ్లోకం.

అందులో పాపాలు ఏడు రకాలు: ఈ జన్మవి, వెనకటి జన్మలవి, మనసుతో, మాటతో, ఒంటితో చేసినవి, తెలిసి చేసినవి, తెలియక చేసినవి. ఏడాకులకు ఏడు. పొద్దున్నే ఇంట్లోవాళ్లమీద విసుక్కుని అన్న మాటా ఆ లెక్కలోకి వస్తుంది. తెలియక చేసినవి మనకెలాగూ గుర్తుండవు, మన తరఫున శ్లోకమే అడుగుతుంది.

ఇంకో పాదం ఉంది: "తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ". రోగాన్నీ శోకాన్నీ పక్కపక్కన పెట్టి రెండూ పోగొట్టమంటుంది. మోకాళ్ల నొప్పైతే డాక్టరుకు చెప్పుకుంటాం. పోయిన మనిషి మీద దిగులు ఎవరికి చెప్పుకుంటాం? ఇక్కడ రెండింటికీ ఒకటే అర్జీ.

ఆ రోజు అరసవల్లి సూర్యుడి గుడిలో అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకానికి, నిజరూప దర్శనానికి జనం బారులు తీరతారు. మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు తొలి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పడితే ఆ భాగ్యం లేదు. సూర్యుడి గుడికొచ్చి మబ్బును తిట్టుకునేవాళ్లనూ చూశాను!

క్యూలో నిలబడలేనివాళ్లకు డాబా ఉంది. పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నాన్ని చెరకుముక్కతో కలిపి, చిక్కుడాకులో నైవేద్యం పెట్టండి. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చేసే రథానికి మాత్రం కాస్త ముదురు కాయలే ఏరుకోండి, లేతవైతే చీపురుపుల్ల గుచ్చగానే చీలిపోతాయి.