సందు చుక్కల మీద పెట్టె

మా బ్యాచ్ వాళ్ళకి ఎనిమిదో తరగతి వరండా గుర్తుండే ఉంటుంది. లెక్కల మాస్టారు, డ్రాయింగ్ మాస్టారు కలిసి ఒకే పీరియడ్ తీసుకున్నది అక్కడే. అప్పటిదాకా ఘనమంటే 8 శీర్షాలు, 12 అంచులు, 6 ముఖాలు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. గీయమంటే మాత్రం రెండు చతురస్రాలు ఒకదాని మీదొకటి వేసి మూలలు కలిపేసేవాళ్ళం. ఏ ముఖం ముందో, ఏది వెనకో గీసినవాళ్ళకే తెలిసేది కాదు.

డ్రాయింగ్ మాస్టారు సుద్దముక్క ఆడపిల్లలకిచ్చి, "ఏడు చుక్కలు, నాలుగు వరకు సందు చుక్క పెట్టండమ్మా" అన్నారు. ధనుర్మాసమంతా వాకిట్లో ముగ్గులకి చేసేదే, అదెంత పని! మధ్యలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. "ఇప్పుడంతా పక్కకొచ్చి నిలబడండి" అన్నారు లెక్కల మాస్టారు. అడ్డ వరసలు నిలువు వరసలయ్యాయి. నడిమి చుక్క నుంచి కిందికొక గీత, చెరో పక్కకీ ఏటవాలుగా పైకి చెరొకటి. మధ్య కోణాలన్నీ 120 డిగ్రీలు. చుట్టూ షడ్భుజి కలిపేసరికి నేల మీంచి పెట్టె లేచి నిలబడింది!

"చతురస్రం ఏదండీ, అన్నీ రాంబస్‌లే కదా?" అన్నాడొకడు.

"నేను గీసింది 60, 120. నీ కన్ను 90 అనుకుంటోంది" అన్నారు డ్రాయింగ్ మాస్టారు.

తర్వాత అదే చట్రంలో మూలకు పేర్చిన పెట్టెల గుట్ట గీశారు. కింద 6, పైన 3, ఆపైన 1. బొమ్మలో కనిపించేవి మాత్రం 6. మిగతా 4 ఎక్కడున్నాయో తేలేదాకా గొడవే గొడవ. చివరికి నిలువు దొంతరలుగా లెక్కపెట్టాం: 3, 2, 2, 1, 1, 1. ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్ళినప్పుడల్లా పోర్టు కంటెయినర్లను అలాగే లెక్కపెట్టేదాన్ని. ఆ అలవాటు ఇంకా పోలేదు.

లెక్కలంటే నాకున్న టెన్షన్ సగం అక్కడే తీరింది. (మిగతా సగం పబ్లిక్ పరీక్షల దాకా వెంట వచ్చింది లెండి.) ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఐసోమెట్రిక్ (వస్తువు మూడు వైపులూ ఒకే బొమ్మలో కనిపించేలా గీసే) షీట్ల దగ్గర అందరూ 30 డిగ్రీల మూలమట్టంతో తంటాలు పడుతుంటే, నాకు ఖాళీ కాగితం మీద కూడా సందు చుక్కలే కనిపించేవి.

ఈసారి కలిసినప్పుడు ఎవరైనా సుద్దముక్కలు తెండి. 13 చుక్కలు, 7 వరకు సందు చుక్క పెడదాం. దాని మీద గీసే గుట్టలో ఎన్ని పెట్టెలు పడతాయో, ఎన్ని దాక్కుంటాయో ఇంటి దగ్గరే లెక్క కట్టుకుని రండి.