స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే

పోయిన నెల అమెరికాల, ఫీనిక్స్‌ల ఉన్న అక్క వాళ్లింటికి పోయినప్పుడు వేమో అనే కంపెనీది, డ్రైవర్ లేని ట్యాక్సీ ఎక్కిన. ముందు సీటు ఖాళీ. స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే, నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతనే ఉంది. పది నిమిషాలకే అంగి తడిసింది. నిజం చెప్పాలంటే అది నాకన్న పద్ధతిగా నడిపింది.

నిన్న కాజీపేటల రైలు దిగి, హన్మకొండ చౌరస్తాకు పోతూ ఆటో అన్నకు ఈ ముచ్చట చెప్పిన. చెవికి, భుజానికి నడుమ ఫోన్ ఇరికించుకొని, ఫాతిమానగర్ దగ్గర రాంగ్ రూట్ల పోనిచ్చుకుంట అన్నడు: "డ్రైవర్ లేకుంటే ఎట్ల నమ్ముతరు సారూ?" నవ్వొచ్చింది. ఆ ఆటోల నాకు భయం కాలే, అదే చిత్రం!

"మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డు మీద ఇడిసిపెట్టున్రి, సూద్దాం" అన్నడు. మల్ల, "ఎవడన్న ఫోన్ల కెళ్లి తిప్పుకపోతే?"

దీనికి నోరు పెగల్లేదు. 2015లో ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంట్లో కూసొని, హైవే మీద పోతున్న జీపును ఇంటర్నెట్ ద్వారా ఆపి చూపెట్టిన్రు. అది డ్రైవర్ ఉన్న బండే! కంపెనీ 14 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. ఇగ 2018లో, ఫీనిక్స్ పక్కనున్న టెంపేల, సైకిల్ తోసుకుంట రోడ్డు దాటుతున్న ఆమెను దానంతటదే నడిచే టెస్టు కారు గుద్ది చంపింది. చూసుకోవాల్సిన మనిషి స్టీరింగ్ ముందటనే ఉండె.

చౌరస్తాల దిగి పైసలిస్తుంటే అన్న మల్ల అడిగిండు: "అది గుద్దితే ఎవ్వల్ని పట్టుకొని కొట్టాలె సారూ?"