గడ్డి మీద ప్రయోగానికి అనుమతి: నా అనుభవం

రాయలసీమలో ఒక ఊరి గడ్డిభూమిలో కరువు ప్రయోగం పెట్టడానికి ఐదేళ్ల అనుమతి నిన్న నా చేతికి వచ్చింది. ఇలాంటి పనికి పూనుకునే పరిశోధక విద్యార్థులకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

ప్రయోగం పద్ధతి కష్టమైనది కాదు. ఇనుప పైపులతో చట్రం నిలబెట్టి, దాని మీద పారదర్శకమైన పాలీకార్బొనేట్ పట్టీలను ఎడంఎడంగా, వాలుగా బిగిస్తాము. పట్టీల మీద పడిన వాన కాలువలోకి జారి బయటికి పోతుంది, సందుల్లో పడినది నేలకు చేరుతుంది. పట్టీలు ఎన్ని వేస్తే అంత వాన తగ్గుతుంది. పోల్చి చూడటానికి పక్కనే చట్రం లేని మడులు ఉంటాయి. ఆరు ఖండాల్లో ఇదే తరహాలో జరిగిన అంతర్జాతీయ కరువు ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. నూరేళ్లకు ఒకసారి వచ్చేంత తీవ్రమైన కరువు ఒక్క ఏడాది వచ్చినా, గడ్డి దిగుబడిలో నష్టం అంతకన్నా తేలికైన కరువులో కంటే 60 శాతం ఎక్కువగా ఉందనీ, పొడి ప్రాంతాలకే పెద్ద దెబ్బ తగిలిందనీ అందులో తేలింది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉండే అనంతపురం వంటి జిల్లాలున్న సీమలో ఈ లెక్క మన నేల మీద తీయకపోతే ఎలా?

మా గైడుగారి సమ్మతి, సామగ్రి కొనుగోలు, మడుల ఎంపిక సులువుగానే అయిపోయాయి. ఆ తర్వాత భూమికి అనుమతి ఇవ్వవలసిన కార్యాలయానికి వెళ్లాను.

ముందు ఆ భూమి తమది కాదన్నారు. ఎవరిదన్నారో వారిని అడిగితే మళ్లీ ఈ కార్యాలయానికే పంపారు. చివరికి ఫైలు తీసుకున్న అధికారి, గది నిండా అర్జీదారులు కూర్చుని ఉండగా నన్ను నిలబెట్టి, "ఏమ్మా, పీహెచ్‌డీకి ఇంకేమీ దొరకలేదా? వాన లేకపోతే గడ్డి ఎండిపోతుందని గొర్రెలు కాసే పిల్లవాడు కూడా చెబుతాడు" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. ఏ గడ్డి ముందు ఎండుతుందో, వాన తిరిగొచ్చాక ఏది మళ్లీ చిగురిస్తుందో, ఏది శాశ్వతంగా పోయి దాని చోట పశువులు ముట్టని మొక్క లేస్తుందో కొలిచి చెప్పాలంటే ప్రయోగం కావాలి సార్ అని నేను చెప్పిన జవాబు ఆయన వినలేదు. ఆ నవ్వు నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

తర్వాత రెండు షరతులు పెట్టారు. కంచె వేసిన చోట మొక్కలు నాటాలన్నది మొదటిది. గడ్డిభూమి ఖాళీ స్థలం కాదు. సెహిమా, డైకాంథియం వంటి మన దక్కను గడ్డి జాతులకు నిండు ఎండ కావాలి, వాటి మీద చెట్ల నీడ పడితే అవి క్షీణిస్తాయి. బట్టమేక పక్షి కోసం 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టినది గడ్డిలోనే కదా! చెట్టు నాటితేనే ప్రకృతి సేవ అనుకునే ఈ అలవాటు మన గడ్డిభూములకు గొడ్డలి కన్నా ఎక్కువ హాని చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ షరతుకు ఒప్పుకోనని రాతపూర్వకంగానే తెలిపాను.

అనుమతి ఒక్క ఏడాదికే అన్నది రెండో షరతు. దీనికి జవాబుగా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం సీడర్ క్రీక్‌లో 1998 నుంచి నడుస్తున్న ప్రయోగాన్ని ఉదాహరించాను. అక్కడ గడ్డి మడులకు అదనంగా కార్బన్ డయాక్సైడ్ అందిస్తున్నారు. మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మార్చుకునే తీరును బట్టి సీ3 (వరి, గోధుమ వంటివి), సీ4 (జొన్న, మొక్కజొన్న వంటివి) అని రకాలున్నాయి. మొదటి 12 ఏళ్లు సీ3 రకం గడ్డి జాతులు దానివల్ల ఏపుగా పెరిగాయి, సీ4 రకానివి పెద్దగా స్పందించలేదు. తర్వాతి 8 ఏళ్లలో అది పూర్తిగా తారుమారైంది. 2018లో ఆ ఫలితం ప్రచురితమయ్యాక నిపుణులే ఆశ్చర్యపోయారు. మన సీమ గడ్డిలో అధిక భాగం సీ4 రకమే కాబట్టి, ఒక్క ఏడాది కొలతతో మనం ఏం తేల్చగలమని అడిగాను. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1856లో మొదలైన పచ్చిక ప్రయోగం నేటికీ నడుస్తోందని కూడా రాశాను.

అయినా ఫైలును కదిలించినది ఈ వాదనలు కావు, గొర్రెల కాపరులు. ఆ ఊరి పెద్దాయన ఒకరు చట్రం బొమ్మ చూడగానే, "అంటే కరువును ముందే తెచ్చి చూస్తావన్నమాట, తల్లీ. ఏ గడ్డి నిలుస్తుందో మాకూ చెప్పు" అన్నారు. కార్యాలయంలో ఎవరికీ అర్థం కానిది ఆయనకు ఒక్క మాటలో అర్థమైంది. మేపుకు అడ్డం రాకుండా కంచెను చిన్నదిగా చేస్తానని మాటిచ్చాక, కాపరులే పంచాయతీలో తీర్మానం చేయించి సంతకాలు, వేలిముద్రలు ఇచ్చారు. దాన్ని జతచేసి, అర్జీలో విషయం దగ్గర "పశుగ్రాసం లభ్యతపై కరువు ప్రభావం" అని మార్చి, నేరుగా పై అధికారికి ఇచ్చాను. ఆయన చదివి, రెండు ప్రశ్నలు అడిగి, మొక్కల షరతు కొట్టేసి, ఐదేళ్లకు సంతకం చేశారు.

కాబట్టి ముందు కాపరుల దగ్గరకు వెళ్లండి, ఆ తర్వాతే కార్యాలయానికి. అందినట్లు సంతకం, ఇన్‌వార్డ్ నంబరు లేకుండా ఒక్క కాగితమూ ఇవ్వకండి. "రేపు రండి" అన్నవారి పేరు, తేదీ రాసిపెట్టుకోండి. నాకు అది చివరలో అక్కరకొచ్చింది. ఇక ఆషాఢ గాలులు మొదలయ్యేలోగా చట్రాల కాళ్లను కాంక్రీటులో దించాలి, పక్క నేల తేమ మడుల్లోకి రాకుండా చుట్టూ కందకం తవ్వి ప్లాస్టిక్ పట్టా నిలబెట్టాలి. ఆ పనికి ఊళ్లో మనుషులను మాట్లాడాను, సోమవారం మొదలుపెడుతున్నాము.