పక్కింటివాళ్ళు ఏ గదిలో పడుకుంటారో తెలుసా?

శనివారం పొద్దున్నే జపాన్‌లోని కోబే నుంచి అవాజి ద్వీపానికి బస్సెక్కాం, నేనూ, అక్కడే ఉద్యోగం చేస్తున్న నా ఫ్రెండూ. దారిలో అకాషి కైక్యో బ్రిడ్జి వస్తుంది. అది కడుతుండగానే భూకంపం వచ్చి రెండు టవర్ల మధ్య దూరం దాదాపు ఒక మీటరు పెరిగిపోయింది, ఇంజనీర్లు లెక్కలు సరిచేసుకుని మొత్తానికి 1998లో తెరిచారు. మీద నుంచి వెళ్తుంటే ఆ సంగతేమీ తెలీదు, సముద్రం చూస్తూ కూర్చోవడమే.

మేం వెళ్ళింది ఆ ద్వీపంలోని హొకుదాన్ అనే ఊళ్ళో ఉన్న నోజిమా ఫాల్ట్ మ్యూజియంకి. ఫాల్ట్ అంటే భూమి పొరల్లోని పగులు. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5:46కి వచ్చిన అదే భూకంపంలో నేల ఎలా చీలిందో అలాగే, 140 మీటర్ల పొడవున, పైన కప్పు వేసి ఉంచారు. పెద్ద అగాధం ఉంటుందనుకుని వెళ్తే నిరాశపడతారు. ఎత్తు పెద్దగా ఉండదు. కానీ తిన్నగా పోవాల్సిన కాలవ ఉన్నట్టుండి పక్కకి జరిగి మళ్ళీ మొదలవుతుంది, అది చూసినప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది.

అయితే నేను అంతదూరం వెళ్ళింది ఆ పగులు కోసం కాదు. ఆ భూకంపంలో మొత్తం 6,434 మంది పోయారు, ఎక్కువమంది నిద్రలోనే, బరువైన పెంకుల కింద పాత చెక్క ఇళ్ళు కూలి. పగులుకి ఆనుకునే ఉన్న హొకుదాన్‌లో కూడా ఇళ్ళు బోలెడన్ని నేలమట్టమయ్యాయి, 39 మంది చనిపోయారు. కానీ శిథిలాల కింద చిక్కుకున్న దాదాపు 300 మందిని ఊరివాళ్ళే బయటికి లాగారు, సాయంత్రం కాకముందే ఎవరెక్కడున్నారో అందరి లెక్కా తేలిపోయింది. లాగింది రైతులు, చేపలు పట్టేవాళ్ళు, అంటే ఊళ్ళో స్వచ్ఛంద ఫైర్ టీమ్‌లో ఉండే మామూలు మనుషులు. ఫలానా ఇంట్లో పెద్దాయన ఏ గదిలో, ఏ మూల పడుకుంటాడో వాళ్ళకి తెలుసు, కాబట్టి ఇల్లంతా తవ్వక్కర్లేకుండా సరిగ్గా అక్కడే తవ్వారు. నాకైతే మా పై ఫ్లోర్‌లో ఎంతమంది ఉంటారో కూడా తెలీదు.

కోబే నగరంలో కూడా బయటపడ్డవాళ్ళలో చాలామందిని తీసింది ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగే. అందుకే నగరపాలకులు ఆ ఏడాదే పేటపేటకీ బోకోమి అనే వాలంటీర్ సంఘాలు పెట్టించడం మొదలుపెట్టారు, శిక్షణ బాధ్యత ఫైర్ స్టేషన్లది. ఆదివారం మా ఫ్రెండ్ వాళ్ళ పేటలో డ్రిల్ ఉంటే స్కూల్ గ్రౌండ్‌కి వెళ్ళాం. చూసిపోదామని వెళ్ళిన నాకు కూడా హెల్మెట్, గ్లౌజులు ఇచ్చేశారు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది జాకీ పాఠం. కారు టైరు మార్చడానికి వాడే మామూలు జాకీయే. పెద్ద దూలం కింద ఒక బొమ్మని పడుకోబెట్టారు. జాకీ నేలలోకి దిగబడకుండా ముందు కింద ఒక చెక్క వెయ్యాలి, దూలాన్ని కొంచెం లేపాలి, లేచినంత మేరా చెక్కముక్కలు దూర్చాలి, మళ్ళీ కొంచెం లేపాలి. ఒక కుర్రాడు ఉత్సాహంగా తిప్పేస్తుంటే ఫైర్ స్టేషన్ ఆవిడ ఆపి, జాకీ జారితే ఈ దూలం ఎవరిమీద పడుతుందో చెప్పు అని అడిగింది. కాలో చెయ్యో గంటల తరబడి నలిగినవాళ్ళని గబుక్కున లాగెయ్యొద్దని, ముందు వైద్యులకి కబురు చెయ్యాలని కూడా చెప్పింది. బరువు తీయగానే నలిగిన కండరాల్లోని విషపదార్థాలు రక్తంలో కలిసి మనిషి ప్రాణమే పోవచ్చట.

ఇదేమీ అతిజాగ్రత్త కాదు. 1985 మెక్సికో సిటీ భూకంపంలో శిక్షణ లేని జనం వందలమందిని కాపాడారు, ఆ ప్రయత్నంలో వాళ్ళే వందమంది దాకా చనిపోయారు. అది చూసొచ్చాకే లాస్ ఏంజెలెస్ ఫైర్ డిపార్ట్‌మెంట్ మామూలు జనానికి ఈ పనులు నేర్పించడం మొదలుపెట్టింది, 1993 నుంచి ఫెమా, అంటే అక్కడి ప్రభుత్వ విపత్తుల సంస్థ, అదే శిక్షణని అమెరికా అంతటికీ తీసుకెళ్ళింది.

బకెట్ల వరస, దుప్పటితో స్ట్రెచర్ లాంటివి సరదాగా గడిచిపోయాయి. అసలు గొడవ మ్యాప్ దగ్గర. పేట మ్యాప్ టేబుల్ మీద పరిచి, సాయం కావాల్సినవాళ్ళ ఇంటికి ఎర్ర స్టిక్కర్, సాయం చెయ్యగలవాళ్ళకి ఆకుపచ్చ స్టిక్కర్ అంటించాలి. కొందరికి తమ ఇంటి సంగతి నలుగురికీ తెలియడం ఇష్టం ఉండదు, వాళ్ళని బలవంతపెట్టరు, అది సబబే అనిపించింది. ఇంకో చిక్కేమిటంటే ఆకుపచ్చ ఇళ్ళల్లో సగం మంది డెబ్భై దాటినవాళ్ళే, పగలు కుర్రాళ్ళంతా ఆఫీసుల్లో ఉంటారు. అందుకని హైస్కూల్ పిల్లల్ని కూడా డ్రిల్‌కి పిలుస్తున్నారు, ఆ రోజు జాకీ తిప్పిన కుర్రాడు వాళ్ళలో ఒకడే.

చేతికర్రతో వచ్చిన ఒక మామ్మగారి ఇంటికి ఎవరో ఎర్ర స్టిక్కర్ పెట్టారు. ఆవిడ దాన్ని గోటితో పీకేసి ఆకుపచ్చది అంటించుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు. జాకీలూ గడ్డపారలూ పెట్టిన గది తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుందట.